మెదడు నెట్‌వర్కులు, మానసిక ఆరోగ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

మెదడు నెట్‌వర్క్ అంటే ఏమిటి?

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. మెదడులో ఒకదానికొకటి దూరంగా ఉన్న కొన్ని ప్రాంతాలు ఒకే సమయంలో చురుకెక్కి, ఒకే సమయంలో నెమ్మదిస్తూ ఉంటే, అవి కలిసి పనిచేస్తున్నాయని భావించి ఆ సముదాయాన్ని నెట్‌వర్క్ అంటారు. ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడాలి. మొదటిది ప్రాంతాల మధ్య భౌతికంగా సాగే నాడీ తంతువులు. వీటి సమగ్ర పటాన్ని కనెక్టోమ్ అంటున్నారు. ఓలాఫ్ స్పోర్న్స్, ఆయన సహచరులు 2005లో ఆ పేరు పెట్టారు. రెండోది ఆ ప్రాంతాల చురుకుదనం కలిసి పెరిగి తరిగే తీరు. నేరుగా తంతువులు లేని రెండు ప్రాంతాలు కూడా మూడో ప్రాంతం ద్వారా ఒకే లయలో నడవవచ్చు.

మానసిక ఆరోగ్యం మీద జరిగే స్కాన్ పరిశోధనల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకం సంబంధాన్నే కొలుస్తాయి. కాబట్టి డిప్రెషన్‌లో ఫలానా ప్రాంతాల మధ్య కనెక్షన్ తగ్గిందని ఎక్కడైనా చదివితే, అక్కడేదో నరం తెగిపోయిందని భయపడనక్కర్లేదు. రెండు ప్రాంతాల లయ మునుపటంతగా కలవడం లేదని మాత్రమే దాని అర్థం.

వీటిని ఎలా చూస్తారు?

ప్రధానంగా ఫంక్షనల్ ఎంఆర్‌ఐ ద్వారా. నాడీకణాలు పనిచేస్తున్న చోటికి ఆక్సిజన్ నిండిన రక్తం ఎక్కువగా చేరుతుంది. ఆక్సిజన్ ఉన్న రక్తానికీ, లేని రక్తానికీ అయస్కాంత గుణాల్లో తేడా ఉంటుంది. ఆ తేడాను చిత్రంలో పట్టుకోవచ్చని సెయిజి ఒగావా బృందం 1990లో చూపింది.

పరీక్షకు వచ్చిన వ్యక్తి యంత్రపు సొరంగంలో వెల్లకిలా పడుకుంటారు. లోపలి చప్పుడు తట్టుకోవడానికి చెవుల్లో ప్లగ్గులు పెట్టి, తల కదలకుండా ఇరువైపులా మెత్తలు సర్దుతారు. ఎదుట తెర మీద ఒక చిన్న ప్లస్ గుర్తు ఉంటుంది. దాన్ని చూస్తూ ఉండండి, నిద్రపోకండి, ప్రత్యేకంగా ఏదీ ఆలోచించనక్కర్లేదు అని చెబుతారు, అంతే. తరువాత పది నిమిషాల పాటు ఆ యంత్రం ఒకటి రెండు సెకన్లకోసారి మెదడు మొత్తాన్ని చిత్రీకరిస్తుంది. ప్రతి చిత్రమూ రెండు మూడు మిల్లీమీటర్ల ఘనాలుగా విడిపోయి ఉంటుంది. ఒక్కో ఘనంలో లక్షల నాడీకణాలు ఇమిడి ఉంటాయి. ఏయే ఘనాల సంకేతాలు కలిసి పెరుగుతున్నాయో, కలిసి తగ్గుతున్నాయో కంప్యూటర్ లెక్కిస్తుంది. భరత్ బిస్వాల్ 1995లో ఈ దారి తెరిచారు. మనిషి చేతులు కదపకుండా ఊరికే పడుకున్నప్పుడు కూడా ఎడమ, కుడి చలన ప్రాంతాలు ఒకే లయలో నడుస్తున్నాయని ఆయన గమనించారు. అప్పటి దాకా పనికిరాని రొద అని పక్కన పెట్టిన సంకేతమే ఆ తరువాత ఒక పరిశోధన రంగానికి పునాది అయింది.

ఈ పద్ధతికి ఉన్న పరిమితులు చిన్నవి కావు. కొలుస్తున్నది రక్తప్రసరణనే, నాడీకణాల పనిని నేరుగా కాదు. రక్తం స్పందన పతాక స్థాయికి చేరడానికి దాదాపు ఐదు సెకన్లు పడుతుంది, ఆలోచన అంతకంటే ఎంతో వేగంగా కదులుతుంది. తల మిల్లీమీటరులో కొద్ది భాగం కదిలినా లేని సంబంధం ఉన్నట్టు కనిపించవచ్చు. ఆందోళనతో ఉన్నవారు, పిల్లలు స్కానర్‌లో సహజంగానే ఎక్కువ కదులుతారు కాబట్టి ఈ రంగంలో ఏ ఫలితాన్ని చదివినా మొదట అడగవలసిన ప్రశ్న తల కదలికల గురించే అని నా అభిప్రాయం.

మెదడులో మొత్తం ఎన్ని నెట్‌వర్కులు ఉన్నాయి?

ఒకే జవాబు లేదు. 2011లో వెయ్యి మంది స్కాన్‌ల ఆధారంగా వెలువడిన ఒక ప్రసిద్ధ పటంలో మెదడు పైపొరను ఏడుగా విభజించారు. అదే పరిశోధనలో పదిహేడుగా విడదీసిన పటం కూడా ఉంది. ఎంత సన్నగా విభజిస్తే అన్ని వస్తాయి.

ఏ పనీ చేయనప్పుడు మెదడు విశ్రాంతి తీసుకుంటుందా?

తీసుకోదు. శరీర బరువులో సుమారు 2 శాతం మాత్రమే ఉండే మెదడు, మనిషి ఊరికే కూర్చున్నప్పుడు కూడా శరీరం ఖర్చుచేసే శక్తిలో దాదాపు 20 శాతం వాడుకుంటుంది. కష్టమైన లెక్క ఇచ్చినా ఆ ఖర్చు పెద్దగా పెరగదు. 1997లో గోర్డన్ షుల్మన్ బృందం అనేక పెట్ స్కాన్ (రేడియోధార్మిక పదార్థం సాయంతో మెదడు పనిని చూపే పరీక్ష) ప్రయోగాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు, మనిషి ఏదైనా పనిలోకి దిగగానే చురుకుదనం తగ్గే ప్రాంతాలు ప్రయోగం తరువాత ప్రయోగంలో మళ్ళీ మళ్ళీ అవే కనిపించాయి. 2001లో మార్కస్ రైకిల్, ఆయన సహచరులు దీన్ని మెదడు డిఫాల్ట్ మోడ్‌గా వర్ణించారు. నుదుటి వెనుక మధ్యభాగం, మెదడు వెనుకవైపు మధ్యలో ఉండే పోస్టీరియర్ సింగ్యులేట్, ప్రీక్యూనియస్, ఇరుపక్కల ఉండే యాంగ్యులర్ గైరస్ ఈ నెట్‌వర్క్‌లోని ముఖ్యమైన ప్రాంతాలు. జరిగిపోయినదాన్ని తలుచుకోవడం, జరగబోయేదాన్ని ఊహించుకోవడం, ఎదుటివారి మనసులో ఏముందో అంచనా వేయడం, తనను గురించి తాను ఆలోచించుకోవడం, వీటన్నిటిలోనూ దీని పాత్ర ఉంది.

ఈ నెట్‌వర్క్‌ను మనశ్శాంతికి శత్రువుగా చిత్రించడం ఈమధ్య ఎక్కువైంది. అది సరికాదు. 2010లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2,250 మంది పెద్దలను ఫోన్ ద్వారా ముందుగా చెప్పని వేళల్లో ప్రశ్నించినప్పుడు, 46.9 శాతం సందర్భాల్లో వారి మనసు చేస్తున్న పని మీద లేదని తేలింది. అలా తిరిగే మనసు అసంతృప్తితో ఉంటుందన్న మాట అందరికీ గుర్తుండిపోయింది. అయితే ఆ ఫలితాల్లోనే మరో సంగతి కూడా ఉంది: మనసు ఆహ్లాదకరమైన విషయాల వైపు వెళ్ళినప్పుడు మనుషుల సంతోషం తగ్గలేదు. మనసు తిరగడం ఒక్కటే కష్టపెట్టదు. ఎక్కడ తిరుగుతోంది, తిరిగి రాగలుగుతోందా అన్నవే అసలు ప్రశ్నలు.

డిఫాల్ట్ మోడ్, సాలియెన్స్, ఎగ్జిక్యూటివ్ అనే మూడు పేర్లు తరచూ ఎందుకు వినిపిస్తాయి?

2011లో వినోద్ మేనన్ ప్రతిపాదించిన మూడు నెట్‌వర్కుల నమూనా వల్ల. డిఫాల్ట్ మోడ్ గురించి పైన చెప్పుకున్నాం. ఎగ్జిక్యూటివ్ నెట్‌వర్క్ నుదుటి వెనుక పక్కభాగాన్నీ, మెదడు పైభాగంలోని పరైటల్ ప్రాంతాన్నీ కలుపుతుంది. ఒక విషయాన్ని మనసులో నిలుపుకొని దానిమీద పనిచేయడానికి ఇది అవసరం. సాలియెన్స్ నెట్‌వర్క్‌ను 2007లో విలియం సీలీ బృందం వివరించింది. మెదడు పక్క మడతల లోపల ఉండే ఇన్సులా ముందుభాగం, మెదడు మధ్యలో ముందువైపు ఉండే యాంటీరియర్ సింగ్యులేట్ దీనికి కేంద్రాలు. బయటి శబ్దాలు, లోపలి గుండెదడ, నొప్పి, గుర్తుకొచ్చిన మాట, వీటిలో ఇప్పుడు పట్టించుకోవలసింది ఏదో తేల్చి, మిగిలిన రెండు నెట్‌వర్కుల మధ్య మార్పిడికి ఇది తోడ్పడుతుందని మేనన్ వాదన.

మీరు ఒక పేజీ చదువుతున్నారనుకోండి. కళ్ళు వరుసల వెంట కదులుతూనే ఉంటాయి, కాని నిన్న ఎవరో అన్న మాట మనసులో మెదులుతుంది. ఆ మాటకు ఏం జవాబు చెప్పి ఉండాల్సిందో ఆలోచిస్తుండగానే పేజీ అయిపోతుంది. ఒక్క ముక్క కూడా ఎక్కలేదని హఠాత్తుగా స్ఫురిస్తుంది. మళ్ళీ పై వరుసకు వెళ్ళి మొదలుపెడతారు. ఈ చిన్న సంఘటనలో మనసు జారడం, జారిందని గ్రహించడం, తిరిగి తీసుకురావడం అనే మూడు దశలున్నాయి. 2012లో వెండీ హాసెన్‌క్యాంప్ బృందం ధ్యాన సాధకులను స్కానర్‌లో పడుకోబెట్టి, శ్వాస మీద ధ్యాస ఉంచమని, మనసు జారిందని తెలిసిన వెంటనే బటన్ నొక్కమని అడిగింది. జారిన దశలో డిఫాల్ట్ మోడ్ ప్రాంతాలు, గ్రహించిన క్షణంలో సాలియెన్స్ ప్రాంతాలు, తిరిగి తెచ్చుకునేటప్పుడు ఎగ్జిక్యూటివ్ ప్రాంతాలు చురుగ్గా కనిపించాయి.

మానసిక వ్యాధులను అర్థం చేసుకోవడంలో ఈ నమూనా ప్రశ్ననే మార్చింది. జబ్బు మెదడులో ఎక్కడుంది అని వెతికే బదులు, ఒక స్థితి నుంచి మరో స్థితికి మారడం ఎక్కడ కష్టమవుతోంది అని అడగడం మొదలైంది. నా దృష్టిలో ఈ రంగం ఇప్పటిదాకా ఇచ్చిన విలువైన ఆలోచన ఇదే.

డిప్రెషన్‌లో నెట్‌వర్కులు ఎలా మారతాయి?

డిప్రెషన్‌లో ఉన్నవారు ఒకే బాధను, ఒకే తప్పును, ఒకే అవమానాన్ని గంటల తరబడి నెమరువేస్తుంటారు. అలా చేయడం వల్ల లాభం లేదని వారికీ తెలుసు, అయినా ఆపలేరు. తనను గురించిన ఆలోచనలతో ముడిపడిన డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్, విచారంతో ముడిపడిన సబ్‌జెన్యువల్ సింగ్యులేట్ అనే ప్రాంతంతో మరీ గట్టిగా కలిసిపోవడం వల్ల ఇలా జరుగుతుందని చాలాకాలంగా భావించారు. చిన్న చిన్న అధ్యయనాలు చాలావరకు దీన్ని సమర్థించాయి.

2019లో చైనాలోని 25 పరిశోధన బృందాలు తమ సమాచారాన్ని ఒకచోట పెట్టి, 1,300 మంది డిప్రెషన్ రోగులను 1,128 మంది ఆరోగ్యవంతులతో పోల్చినప్పుడు చిత్రం తారుమారైంది. డిప్రెషన్ మళ్ళీ మళ్ళీ వచ్చిన రోగుల్లో డిఫాల్ట్ మోడ్ లోపలి సంబంధం పెరగలేదు సరికదా తగ్గింది. ఆ తగ్గుదల మందుల వాడకంతో ముడిపడి ఉంది, జబ్బు ఎంతకాలంగా ఉందన్నదానితో కాదు. డిప్రెషన్ అంటే డిఫాల్ట్ మోడ్ అతిగా పనిచేయడమే అని ఇప్పటికీ రాసేవారు ఈ ఫలితాన్ని ప్రస్తావించకపోవడం పాఠకులకు అన్యాయం.

తరువాతి అడుగులు రెండు దిశల్లో పడ్డాయి. ఒకటి, డిప్రెషన్‌ను ఒకే జబ్బుగా చూడటం మానేయడం. 2024లో లీయన్ విలియమ్స్ బృందం 801 మంది డిప్రెషన్, ఆందోళన రోగులను మెదడు వలయాల (కలిసి పనిచేసే ప్రాంతాల గొలుసుల) పనితీరు ఆధారంగా ఆరు రకాలుగా విడదీసింది. ఏ చికిత్స ఎవరికి పనిచేస్తుందన్న విషయంలోనూ ఆ రకాల మధ్య తేడాలు కనిపించాయి. రెండోది, ఎక్కువమందిని ఒక్కోసారి చూసే బదులు కొద్దిమందిని పదేపదే చూడటం. అదే సంవత్సరం చార్లెస్ లించ్, కానర్ లిస్టన్ బృందం ఈ దారిలో వెళ్ళి, డిప్రెషన్ ఉన్నవారిలో చాలామందికి సాలియెన్స్ నెట్‌వర్క్ మెదడు పైపొరపై దాదాపు రెట్టింపు స్థలం ఆక్రమించి ఉందని కనుగొంది. బాధ తగ్గినా, పెరిగినా ఆ విస్తీర్ణం మారలేదు. తరువాతి కాలంలో డిప్రెషన్ లక్షణాలు వచ్చిన పిల్లల్లో, అవి రాకముందు తీసిన స్కాన్‌లలోనే ఆ తేడా కనిపించింది. అయితే నెట్‌వర్క్ పెద్దదిగా ఉన్న ప్రతివారికీ డిప్రెషన్ వస్తుందని దీని అర్థం కాదు.

ఆందోళనకు, భయానికి అమిగ్డలాయే కారణమా?

మెదడు లోపల ఇరువైపులా ఉండే చిన్న ప్రాంతమైన అమిగ్డలా ముఖ్యమే గాని భయమంతా దాని సొత్తు కాదు. అరుదైన వ్యాధి వల్ల రెండువైపులా అమిగ్డలా దెబ్బతిన్న కొందరికి పాములను చూసినా, భయానక చిత్రాలను చూసినా భయం కలగదు. 2013లో అలాంటి ముగ్గురికి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న గాలిని పీల్పించినప్పుడు ముగ్గురూ తీవ్రమైన భయానికి లోనయ్యారు. బయటి ప్రమాదాన్ని గుర్తించే దారి వేరు, ఊపిరాడకపోవడం వంటి లోపలి ప్రమాదాన్ని గుర్తించే దారి వేరు అని దీన్నిబట్టి తెలుస్తుంది.

స్కిజోఫ్రీనియా, ఏడీహెచ్‌డీ సంగతేమిటి?

స్కిజోఫ్రీనియా (భ్రమలు కలగడం, లేని మాటలు వినిపించడం వంటి లక్షణాలున్న మానసిక వ్యాధి) ఏదో ఒక్క ప్రాంతపు లోపం కాదని, ప్రాంతాల మధ్య సమన్వయం చెదరడమని కార్ల్ ఫ్రిస్టన్ వంటివారు 1990లలోనే వాదించారు. 2003లో షితిజ్ కపూర్ మరో కోణం చూపారు. నాడీకణాల మధ్య సంకేతాలు మోసే డోపమిన్ అనే రసాయనపు వ్యవస్థ గాడి తప్పినప్పుడు, ఏ ప్రాముఖ్యమూ లేని విషయాలకు అపారమైన అర్థం ఉన్నట్టు తోస్తుంది. దారినపోయేవారి చూపు, టీవీలో వచ్చిన ఒక మాట తన కోసమే అనిపిస్తుంది. ఆ అనుభూతికి కారణం వెతుక్కునే ప్రయత్నంలో భ్రమలు రూపుదిద్దుకుంటాయి. రోగి చెప్పేది అర్థంపర్థం లేని మాటగా కొట్టిపారేసే కుటుంబ సభ్యులకు ఈ వివరణ ఒక్కసారైనా చెప్పాలి. వారి ఆప్తుడు మొండికేయడం లేదు, తనకు నిజంగా కలుగుతున్న అనుభూతికి అర్థం చెప్పుకుంటున్నాడు.

ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే ఏడీహెచ్‌డీ విషయంలో, పని మొదలైనప్పుడు తగ్గవలసిన డిఫాల్ట్ మోడ్ చురుకుదనం తగినంతగా తగ్గక మధ్యలో చొరబడుతుందని 2007లో ఎడ్మండ్ సోనుగా-బార్క్, ఫ్రాన్సిస్కో కాస్టెలనోస్ ప్రతిపాదించారు.

స్కాన్ తీయించుకుంటే నాకున్న మానసిక సమస్య ఏదో తెలుస్తుందా?

తెలియదు. ఇప్పటివరకు డిప్రెషన్, ఆందోళన, స్కిజోఫ్రీనియా వంటి వాటిని ఒక వ్యక్తిలో నిర్ధారించే మెదడు స్కాన్ ఏదీ లేదు. వైద్యులు స్కాన్ రాస్తే అది గడ్డ, రక్తస్రావం, వాపు వంటి శారీరక కారణాలు లేవని తేల్చుకోవడానికి.

కారణం గణితంలో ఉంది. పరిశోధనల్లో చెప్పే తేడాలు గుంపుల సగటులకు సంబంధించినవి. రోగుల గుంపు, ఆరోగ్యవంతుల గుంపు చాలావరకు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. 2022లో స్కాట్ మారెక్ బృందం దాదాపు 50,000 మంది సమాచారాన్ని పరిశీలించి, మెదడు లక్షణాలకూ మానసిక లక్షణాలకూ మధ్య నమ్మదగిన సంబంధం కనుక్కోవాలంటే వేల మంది కావాలని చూపింది. అప్పటిదాకా ఇలాంటి అధ్యయనాల్లో సాధారణంగా ఉన్నది పాతిక మంది మాత్రమే.

స్కాన్ నార్మల్ అని వచ్చినందుకు, మీ బాధ ఊహేనని ఎవరైనా అంటే ఆ మాటను నమ్మవద్దు. మామూలు ఎంఆర్‌ఐ మెదడు ఆకారాన్ని చూపుతుంది. మీరు పడుతున్న వేదనను కొలిచే శక్తి దానికి లేదు. మీ జబ్బును రంగుల చిత్రంలో చూపిస్తామని డబ్బు అడిగే ప్రకటనలకూ ఇదే కారణంగా దూరంగా ఉండండి.

నెట్‌వర్క్ మారడం వల్ల జబ్బు వస్తుందా, జబ్బు వల్ల నెట్‌వర్క్ మారుతుందా?

రెండూ సాధ్యమే. మందులు, నిద్రలేమి, ఏళ్ల తరబడి ఒంటరితనం కూడా నెట్‌వర్కులను మార్చగలవు కాబట్టి ఒక్క స్కాన్‌తో తేల్చడం కుదరదు. పక్షవాతం లాంటివాటి వల్ల మెదడులో దెబ్బతిన్న చోట్లు కొంత దారి చూపుతున్నాయి. అలా దెబ్బతిన్న తరువాత డిప్రెషన్ వచ్చినవారిని మైకేల్ ఫాక్స్ తదితరులు పరిశీలించినప్పుడు, గాయాలు వేర్వేరు చోట్ల ఉన్నా ఆ చోట్లన్నీ ఒకే వలయంతో కలిసి ఉన్నట్టు కనిపించింది. గాయం ముందు, డిప్రెషన్ తరువాత కాబట్టి కార్యకారణ సంబంధానికి ఇది బలమైన సాక్ష్యం.

ఈ అవగాహన వల్ల చికిత్సలో ఏమైనా మార్పు వచ్చిందా?

వచ్చింది, కాని ఒడిదొడుకులతో. తల బయటి నుంచి అయస్కాంత తరంగాలతో మెదడును ప్రేరేపించే టీఎంఎస్ చికిత్సకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2008లో డిప్రెషన్ కోసం అనుమతి ఇచ్చింది. ఆ తరంగాలను పుట్టించే కాయిల్‌ను (తీగచుట్టను) సాధారణంగా నుదుటి ఎడమవైపు పైభాగాన ఉంచుతారు. అక్కడ కూడా ఏ బిందువు మీద పెడితే ఫలితం బాగుంటుందన్న ప్రశ్నకు నెట్‌వర్కులే ఒక జవాబు ఇచ్చాయి: లోతున ఉన్న సబ్‌జెన్యువల్ సింగ్యులేట్‌కు వ్యతిరేక లయలో నడిచే బిందువును ప్రేరేపించినవారిలో మెరుగుదల ఎక్కువగా కనిపించిందని ఫాక్స్ బృందం 2012లో తెలిపింది. ఒక్కో రోగి స్కాన్ చూసి బిందువును ఎంచుకొని, రోజుకు పది విడతల చొప్పున ఐదు రోజుల్లో ముగించే పద్ధతికి 2022లో అదే సంస్థ అనుమతి లభించింది.

మెదడు లోతున అమర్చి కరెంటు ఇచ్చే ఎలక్ట్రోడ్ల కథ ఇంత సాఫీగా సాగలేదు. 2005లో హెలెన్ మేబర్గ్ బృందం, ఏ మందుకూ లొంగని డిప్రెషన్ ఉన్న ఆరుగురికి సబ్‌జెన్యువల్ సింగ్యులేట్ దగ్గర ఎలక్ట్రోడ్లు అమర్చగా వారిలో నలుగురు చెప్పుకోదగ్గంతగా కోలుకున్నారు. తరువాత 90 మందితో జరిపిన పెద్ద పరీక్షలో ఆరు నెలల నాటికి, నిజంగా కరెంటు ఇచ్చినవారికీ ఇవ్వనివారికీ మధ్య స్పష్టమైన తేడా కనిపించలేదని 2017లో ప్రచురించారు. ఆ ఫలితంతో పరిశోధన ఆగలేదు. ఒక చోటికి గురిపెట్టే బదులు, ఆ చోట కలిసే తంతువుల కట్టలకు గురిపెట్టడం మొదలుపెట్టారు.

మందులు, మాటలతో చేసే చికిత్స ఇప్పటికీ ముందువరుస చికిత్సలే. నెట్‌వర్కుల గురించి విన్నారని మీరు వాడుతున్న మందులను వైద్యుణ్ణి అడగకుండా ఆపవద్దు.

ధ్యానం, సైలోసైబిన్, గాఢనిద్ర వంటి స్థితుల్లో ఏం జరుగుతుంది?

2011లో జడ్సన్ బ్రూవర్ బృందం, ఏళ్ల సాధన ఉన్నవారు ధ్యానం చేస్తున్నప్పుడు డిఫాల్ట్ మోడ్ కేంద్రాల చురుకుదనం కొత్తవారికంటే తక్కువగా ఉందని చూపింది. కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్ ప్రభావం దీనికంటే ఎంతో తీవ్రమైనది. 2024లో ఏడుగురిని పదేపదే స్కాన్ చేసిన ఒక అధ్యయనంలో నెట్‌వర్కుల లయ బాగా చెదిరింది, అందులోనూ డిఫాల్ట్ మోడ్‌లో అత్యధికంగా. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌తో దానికున్న సంబంధం వారాల పాటు తగ్గి ఉంది. ఇది వైద్యుల పర్యవేక్షణలో జరిగిన ప్రయోగం. కుటుంబంలో స్కిజోఫ్రీనియా ఉన్నవారిని ఇలాంటి ప్రయోగాలలోకి సాధారణంగా తీసుకోరు.

గాఢనిద్రలో డిఫాల్ట్ మోడ్ ముందుభాగానికీ వెనుకభాగానికీ మధ్య సంబంధం సడలుతుంది. స్పృహ గురించి మాట్లాడేటప్పుడు 2006లో ఏడ్రియన్ ఓవెన్ ప్రచురించిన ఉదంతాన్ని విస్మరించలేం. రోడ్డు ప్రమాదం తరువాత ఏ స్పందనా లేకుండా పడి ఉన్న 23 ఏళ్ల యువతిని స్కానర్‌లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకొమ్మని అడిగారు. ఆరోగ్యవంతులు అదే ఊహించుకున్నప్పుడు ఏ చలన ప్రాంతం చురుకెక్కుతుందో ఆమెలోనూ అదే చురుకెక్కింది.

నిద్ర తక్కువైతే మనసు ఎందుకు అంత త్వరగా చెదురుతుంది?

2007లో జరిగిన ఒక ప్రయోగంలో దాదాపు 35 గంటలు మేలుకొని ఉన్నవారికి బాధ కలిగించే చిత్రాలు చూపించినప్పుడు, నిద్రపోయినవారికంటే అమిగ్డలా స్పందన 60 శాతం ఎక్కువగా ఉంది. దాన్ని అదుపులో ఉంచే, నుదుటి వెనుక ఉన్న ప్రీఫ్రంటల్ ప్రాంతంతో సంబంధం బలహీనపడింది.

మానసిక సమస్యలు యుక్తవయసులోనే ఎందుకు ఎక్కువగా మొదలవుతాయి?

అమెరికాలో జరిగిన ఒక పెద్ద సర్వే ఫలితాలను రోనాల్డ్ కెస్లర్ 2005లో ప్రచురించారు. జీవితంలో ఎప్పుడైనా మానసిక వ్యాధికి గురైనవారిలో సగం మందికి అది 14 ఏళ్లలోపు, నాలుగింట మూడొంతుల మందికి 24 ఏళ్లలోపు మొదలైందని అందులో తేలింది. ఈ వయసులోనే దూరప్రాంతాలను కలిపే తంతువుల మీద సంకేతాలను వేగంగా సాగనిచ్చే మైలిన్ అనే పొర మందమవుతూ, వాడని సంబంధాలు తొలగిపోతూ ఉంటాయి. ప్రీఫ్రంటల్ ప్రాంతం పరిణతి ఇరవైల మధ్య దాకా సాగుతుంది. నిర్మాణం జరుగుతున్న కాలంలో ఒత్తిడి ఎక్కువ ప్రభావం చూపుతుంది, సకాలంలో అందిన సాయం కూడా అంతే.

వైద్యుణ్ణి ఎప్పుడు కలవాలి, ఏం చెప్పాలి?

దిగులు, ఆందోళన, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే కలవాలి. నెట్‌వర్కుల పేర్లు చెప్పనవసరం లేదు. మనసు ఏ ఆలోచన దగ్గర చిక్కుకుంటోంది, రోజులో ఏ వేళ ఎక్కువగా ఉంటోంది, దాన్నుంచి బయటకు రావడానికి ఎంతసేపు పడుతోంది, ఏం చేస్తే కాస్త తేలికపడుతోంది అన్న వివరాలు ఏ స్కాన్‌కన్నా వైద్యుడికి ఎక్కువ ఉపయోగపడతాయి. వాడుతున్న మందులు, మద్యం అలవాటు, కుటుంబంలో ఇంకెవరికైనా ఇలాంటి సమస్య ఉందా అన్నదీ దాచకుండా చెప్పండి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే రెండు వారాలు ఆగవద్దు. అదే రోజు దగ్గరివారిలో ఒకరికి చెప్పి, వారిని వెంటబెట్టుకొని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళండి.